అక్యూట్ పాంక్రియాటైటిస్: మామూలు రక్తపరీక్షలతో తీవ్రతను ముందే పసిగట్టడం ఎలా?

నైట్‌డ్యూటీ (ప్రశ్న)

ఏరియా ఆసుపత్రి స్థాయిలో ఆలోచించి అడుగుతున్నాను. రాత్రి కడుపునొప్పి, వాంతులతో వచ్చిన పేషెంటుకి లైపేజ్ (క్లోమం ఎంజైమ్) నార్మల్ పైపరిమితికి మూడు రెట్లు దాటింది, అక్యూట్ పాంక్రియాటైటిస్ (క్లోమం హఠాత్తుగా వాచడం) అని తేలింది. చేతిలో ఉన్నవి సీబీపీ (రక్తకణాల పరీక్ష), యూరియా, క్రియాటినిన్, షుగర్, ఎలక్ట్రోలైట్లు, కాల్షియం, ఎల్ఎఫ్‌టీ (కాలేయ పరీక్షలు). సీఆర్‌పీ (వాపు ఎంత ఉందో చూపే ప్రోటీన్) పగలే చేస్తారు. ఏబీజీ (ధమని రక్తంలో ఆక్సిజన్, ఆమ్లత చూసే పరీక్ష) లేదు. సీటీకి జిల్లా కేంద్రానికి పంపాలి.

తీవ్రతను అంచనా వేసే రాన్సన్ స్కోరు పూర్తి కావడానికి 48 గంటలు ఆగాలి. పైగా అందులో ఏబీజీ అంకెలు కావాలి. అంతసేపు ఆగితే రిఫర్ చేయాల్సిన పేషెంటు మన దగ్గరే జారిపోతాడు. అలాగని అందరినీ 108 ఎక్కించి పంపేస్తే అక్కడ మంచాలు నిండిపోతాయి, ఎక్కువమందికి ఆ ప్రయాణమే అనవసరం.

ఉన్న పరీక్షల్లో వేటిని నమ్మాలి? ఎన్ని గంటలకోసారి మళ్లీ చేయాలి? లైపేజ్ 3,000 ఉన్న పేషెంటు 600 ఉన్న పేషెంటు కన్నా ప్రమాదంలో ఉన్నట్టేనా?

ఉదరవైద్యం

చివరి ప్రశ్నకి ముందు జవాబు: కాదు. లైపేజ్, అమైలేజ్ జబ్బు ఉందా లేదా అని చెప్పడం వరకే. తీవ్రతకీ వాటి అంకెకీ సంబంధం లేదు. 600 ఉన్నవాళ్లు ఐసీయూలో పడతారు, 3,000 ఉన్నవాళ్లు నాలుగో రోజు ఇంటికి వెళ్తారు. రోజూ లైపేజ్ పంపడం ఆపి ఆ డబ్బుతో యూరియా రెండోసారి చేయించండి.

తీవ్రత అంటే ఏమిటో ముందు ఒప్పుకోవాలి. 2012 సవరించిన అట్లాంటా వర్గీకరణ ప్రకారం ఊపిరితిత్తులు, కిడ్నీ, రక్తప్రసరణ, ఈ మూడింటిలో ఏదైనా 48 గంటలు దాటి విఫలమై ఉంటేనే తీవ్రం. 48 గంటల లోపు కోలుకుంటే, లేదా క్లోమం చుట్టూ నీరు చేరడం, నెక్రోసిస్ (కణజాలం చచ్చిపోవడం) లాంటి స్థానిక సమస్యలుంటే మధ్యస్థం. రెండూ లేకపోతే స్వల్పం. అంటే మనం ఊహించాలనుకుంటున్నది సీటీలో కనబడే క్లోమం రూపాన్ని కాదు, రెండు రోజుల తర్వాత అవయవాలు ఎలా ఉంటాయన్నదాన్ని. మొదటి రోజు సీటీ తీస్తే నెక్రోసిస్ కనబడకపోవచ్చు కూడా. రోగనిర్ధారణలో అనుమానం లేకపోతే నొప్పి మొదలైన 72 నుంచి 96 గంటల తర్వాత తీసిన సీటీయే పనికొస్తుంది. కాబట్టి రాత్రి సీటీ లేదని బాధపడక్కర్లేదు.

ఇక నమ్మదగిన అంకెలు. నా లెక్కలో మొదటి స్థానం యూరియాది, రెండోది పీసీవీది (రక్తంలో ఎర్రకణాల శాతం), మూడోది క్రియాటినిన్‌ది. మిగతావి వాటి వెనకే.

ఈ జబ్బులో కేశనాళికలు కారుతాయి. ప్లాస్మా కడుపు వెనక భాగంలోకీ పేగుల చుట్టూకీ వెళ్లిపోతుంది. నాళాల్లో మిగిలిన రక్తం చిక్కబడుతుంది, కాబట్టి పీసీవీ పెరుగుతుంది. కిడ్నీకి రక్తం తగ్గుతుంది, కాబట్టి యూరియా పెరుగుతుంది. అందుకే ఈ రెండూ ఖరీదైన మార్కర్లకి తీసిపోవు. చేరినప్పుడు పీసీవీ 44 శాతం లేదా అంతకన్నా ఎక్కువ ఉండి, ద్రవాలు ఇచ్చాక కూడా 24 గంటలకి దిగకపోతే నెక్రోసిస్, అవయవ వైఫల్యం అవకాశం పెరుగుతుంది. బీయూఎన్ (రక్తంలోని యూరియా నైట్రోజన్) చేరినప్పుడే 20 లేదా ఆపైన ఉన్నా, 24 గంటల్లో ఏమాత్రం పెరిగినా మరణాల ముప్పు ఎక్కువ. మొదటి అంకె కన్నా రెండో అంకె ఎటు నడిచిందన్నదే ముఖ్యం. బీయూఎన్ 24తో వచ్చి మర్నాటికి 15కి దిగిన పేషెంటు కన్నా 14తో వచ్చి 20కి ఎక్కిన పేషెంటే నన్ను ఎక్కువ కంగారు పెడతాడు.

క్రియాటినిన్ ఆలస్యంగా కదులుతుంది. కానీ 48 గంటల లోపు 1.8 దాటిందంటే నెక్రోసిస్ బలంగా అనుమానించాలి. ఆ అంకె పెరగలేదని మాత్రం ధైర్యం తెచ్చుకోవద్దు.

సీఆర్‌పీ గురించి ఒకే మాట: నొప్పి మొదలైన 48 గంటలకి లీటరుకి 150 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదం. వార్డులో చేరిన గంట నుంచి లెక్కపెట్టకండి. ఆరో గంటలో చేసిన సీఆర్‌పీ 20 వస్తే దానికి అర్థమే లేదు, ఎందుకంటే కాలేయం దాన్ని తయారు చేయడానికే సమయం కావాలి. మూడో రోజు వచ్చిన పేషెంటుకి మాత్రం వచ్చిన వెంటనే పంపండి. సిర్రోసిస్ ఉన్నవాళ్లలో కాలేయమే దెబ్బతిని ఉంటుంది కాబట్టి తక్కువ సీఆర్‌పీ చూసి నిశ్చింతగా ఉండకూడదు.

స్కోరు కావాలంటే బైసాప్ వాడండి. 2008లో వచ్చింది, మీ దగ్గర ఉన్నవాటితోనే 24 గంటల్లో సరిపోతుంది. బీయూఎన్ 25 దాటడం, స్పృహలో తేడా, సిర్స్ (ఒళ్లంతా వాపు ప్రతిస్పందన), వయసు 60 దాటడం, ఛాతీ ఎక్స్‌రేలో ప్లూరల్ ఎఫ్యూజన్ (ఊపిరితిత్తి చుట్టూ నీరు). ఒక్కోదానికి ఒక పాయింటు, మూడు వస్తే ప్రమాదం. సిర్స్‌కి నాలుగింటిలో రెండు చాలు: జ్వరం 38 డిగ్రీలు దాటడం లేదా 36 కన్నా తగ్గడం, పల్స్ 90 పైన, శ్వాస నిమిషానికి 20 పైన, తెల్లకణాలు 12,000 పైన లేదా 4,000 లోపు. సిర్స్ 48 గంటలు విడవకుండా ఉందంటే స్కోరు ఎంత వచ్చినా వదలకండి.

ల్యాబ్‌బెంచ్

పైన డాక్టర్ గారు బీయూఎన్ అన్నారు. మన జిల్లాల్లో ల్యాబులు ఎక్కువగా ఇచ్చేది బ్లడ్ యూరియా. రెండూ ఒకటి కావు. యూరియాని 2.14తో భాగిస్తే బీయూఎన్ వస్తుంది. బీయూఎన్ 20 అంటే యూరియా సుమారు 43, బీయూఎన్ 25 అంటే యూరియా సుమారు 53. యూరియా 30 రిపోర్టు చూసి బైసాప్‌లో పాయింటు వేసేస్తే అది తప్పు, అక్కడ బీయూఎన్ 14 మాత్రమే. రిపోర్టు మీద ఏ పేరు ఉందో చూసి కేస్ షీట్‌లో అదే పేరుతో రాయండి. సగం మంది ఒకటి, మిగతా సగం ఇంకొకటి రాస్తే పెరిగిందో తగ్గిందో ఎవరికీ తెలియదు.

సీఆర్‌పీదీ ఇదే గొడవ. కొన్ని మెషీన్లు లీటరుకి, కొన్ని డెసిలీటరుకి ఇస్తాయి. లీటరుకి 150 అంటే డెసిలీటరుకి 15.

కాల్షియం బాగా తక్కువగా వస్తే అదే రిపోర్టులో పొటాషియం చూడండి. పొటాషియం అసాధారణంగా ఎక్కువ, కాల్షియం అసాధారణంగా తక్కువ, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ కూడా తక్కువ ఉంటే సీబీపీ ట్యూబులోని ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా వేసే రసాయనం) ఆ శాంపిల్‌లో కలిసింది. ఊదా మూత ట్యూబులో ముందు పోసి, మిగిలిన రక్తాన్ని ఎర్ర మూత ట్యూబులోకి వంచితే ఇలా జరుగుతుంది. ఆ ట్యూబులో ఉన్నది పొటాషియం ఈడీటీఏ, అది కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. ఎర్ర మూతలో ముందు, ఊదా మూతలో తర్వాత పోయండి. అనుమానం వస్తే కొత్త శాంపిల్ తీయండి, ఆ అంకె మీద వైద్యం చేయకండి. నిజంగా కాల్షియం తగ్గితే ఆల్బుమిన్‌తో సరిచేసి చూడాలి: ఆల్బుమిన్ 4 కన్నా ఎంత తగ్గిందో దాన్ని 0.8తో గుణించి వచ్చిన కాల్షియానికి కలపండి. కాల్షియం 7.6, ఆల్బుమిన్ 2.8 అయితే సరిచేసిన అంకె 8.6 దగ్గర ఉంటుంది. రెండో రోజుకి ఆల్బుమిన్ పడిపోవడం ఈ జబ్బులో మామూలే కాబట్టి ఈ లెక్క అవసరం పడుతుంది. అయోనైజ్డ్ కాల్షియం చేసే సౌకర్యం ఉంటే అదే మేలు.

సీరం పాలలా తెల్లగా ఉంటే ల్యాబు వాళ్లు ఫోన్ చేసి చెప్పాలి, చెప్పకపోతే మీరే అడగండి. ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని కొవ్వు) 1,000 దాటితే అవే జబ్బుకి కారణం కావచ్చు. అలాంటి శాంపిల్‌లో అమైలేజ్ తప్పుగా నార్మల్ రావచ్చు, సోడియం తప్పుగా తక్కువ రావచ్చు, హిమోగ్లోబిన్ తప్పుగా ఎక్కువ రావచ్చు. ఎంసీహెచ్‌సీ (ఎర్రకణాల్లో హిమోగ్లోబిన్ సాంద్రత) 37 దాటి కనబడితే హిమోగ్లోబిన్‌ని నమ్మొద్దు. ట్రైగ్లిజరైడ్లు మొదటి శాంపిల్‌లోనే చేయించండి. నోటితో ఏమీ ఇవ్వకుండా ఉంచితే వేగంగా దిగిపోతాయి, రెండో రోజు చేస్తే కారణం దొరక్కుండా పోతుంది.

ఎల్‌డీహెచ్ (కణాల్లో ఉండే ఎంజైమ్) గురించి ఎవరూ అడగలేదు గానీ, సన్న సూదితో లాగి సిరంజి నుంచి గట్టిగా నొక్కి ట్యూబులో పోసిన రక్తంలో కణాలు పగులుతాయి. ఆ ఎల్‌డీహెచ్‌కీ, ఏఎస్‌టీ అనే ఇంకో ఎంజైమ్‌కీ, పొటాషియానికీ విలువ లేదు.

నైట్‌డ్యూటీ

యూరియా, బీయూఎన్ తేడా మా కేస్ షీట్లలో నిజంగానే కలిసిపోయి ఉంటోంది, ధన్యవాదాలు మేడమ్.

ఒక ఉదాహరణ పెడుతున్నాను, ఎలా చదవాలో చెప్పండి. 42 ఏళ్ల మగ పేషెంటు, మద్యం అలవాటు, 60 కిలోలు, నొప్పి మొదలై 20 గంటలు. చేరినప్పుడు పీసీవీ 48, తెల్లకణాలు 14,200, యూరియా 34, క్రియాటినిన్ 1.1, కాల్షియం 8.4, ఆల్బుమిన్ 3.8, షుగర్ 168. పల్స్ 112, శ్వాస 24, గది గాలి పీలుస్తుండగా రక్తంలో ఆక్సిజన్ 95 శాతం. స్పృహ బాగుంది, ఎక్స్‌రేలో నీరు లేదు. 12 గంటల తర్వాత పీసీవీ 47, యూరియా 46, క్రియాటినిన్ 1.4, మూత్రం గంటకి 25 మిల్లీలీటర్లు. బైసాప్ ఒకటే వస్తోంది. ఉంచుకోవచ్చా?

ఐసీయూ‌వార్డు

ఉంచుకోవద్దు, పంపే ఏర్పాట్లు మొదలుపెట్టండి. ఎందుకో చెప్తాను.

బైసాప్ ఒకటి అన్నది నిజమే. యూరియా 46 అంటే బీయూఎన్ 21.5, 25 దాటలేదు కాబట్టి దానికి పాయింటు లేదు, సిర్స్‌కి మాత్రమే ఒకటి వచ్చింది. కానీ స్కోరు గీత దాటిందా లేదా అన్నదే చూస్తుంది, ఎటు పోతోందో చూడదు. బీయూఎన్ 16 నుంచి 21.5కి ఎక్కింది. పీసీవీ 48 నుంచి 47, అంటే ద్రవాలు ఇచ్చినా దిగలేదనే అర్థం. మూత్రం గంటకి కిలోకి అర మిల్లీలీటరు, అంటే 60 కిలోలకి 30 ఉండాలి, 25 ఉంది. క్రియాటినిన్ 12 గంటల్లో 0.3 పెరిగింది. సిర్స్‌లో నాలుగింటికి మూడు ఉన్నాయి. ఒక్కోటి విడిగా చూస్తే చిన్నవే, అన్నీ ఒకే దిక్కుకి నడుస్తున్నాయి.

నాలుగైదు విషయాలు పేషెంటు మీ దగ్గరికి వచ్చేలోపే అంకెల్ని మార్చేసి ఉంటాయి. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర రెండు సెలైన్లు ఎక్కించుకుని వస్తే మొదటి పీసీవీ అప్పటికే పల్చబడి ఉంటుంది, 41 చూసి బాగుందనుకుంటాం. డెక్సా (స్టెరాయిడ్) ఇంజెక్షన్ పడి ఉంటే తెల్లకణాలూ షుగరూ దాని వల్ల పెరిగి ఉండవచ్చు. నొప్పికి డైక్లోఫెనాక్ మళ్లీ మళ్లీ ఇచ్చి ఉంటే క్రియాటినిన్ దాని వల్లా పెరగవచ్చు. చీటీ అడగండి, చీటీ లేకపోతే ఏ రంగు సీసా, ఎన్ని సూదులు అని బంధువుల్నే అడగండి. ఇక రక్తహీనత ఉన్నవాళ్లు. మామూలుగా పీసీవీ 30 ఉండే స్త్రీకి ఈ జబ్బులో 37 వచ్చిందంటే ఆమె రక్తం చిక్కబడినట్టే, 44 ఎప్పటికీ రాదు. పాత సీబీపీ ఉంటే దానితో పోల్చండి. గర్భిణులకీ ఇదే వర్తిస్తుంది. డ్రిప్ ఎక్కుతున్న చేతి నుంచి శాంపిల్ తీయడం మాత్రం ఎప్పుడూ వద్దు.

యూరియా పెరగడానికి వేరే కారణాలూ చూడండి: పాత కిడ్నీ జబ్బు, పై పేగుల్లో రక్తస్రావం. రక్తస్రావంలో పీసీవీ పడుతుంది, యూరియా పెరుగుతుంది. ఈ రెండూ ఎదురెదురు దిక్కుల్లో కదిలితే మలం నల్లగా ఉందేమో అడగండి.

పరీక్షల వేళలు ఇలా పెట్టుకుంటే పని జరుగుతుంది. చేరగానే అన్నీ. 12 గంటలకి సీబీపీ, యూరియా, క్రియాటినిన్, అవసరమైతే ఎలక్ట్రోలైట్లు. 24 గంటలకి వాటితోపాటు కాల్షియం, ఆల్బుమిన్. 48 గంటలకి సీఆర్‌పీ కూడా. పల్స్, శ్వాస, ఆక్సిజన్, మూత్రం మాత్రం గంట గంటకీ రాయాలి. రక్తపరీక్షల కన్నా ఇవే ముందు మారతాయి. ఏబీజీ లేకపోయినా శ్వాస 20 నుంచి 28కి ఎక్కడం ఎవరైనా లెక్కపెట్టగలరు. నిజంగా నిమిషం పాటు లెక్కపెట్టాలి, షీట్ నిండా 20 అని రాసి పెట్టడం వల్ల పేషెంట్లు పోతున్నారు.

యూరియా పెరిగిందని సెలైన్ కుమ్మరించడం ఇంకో తప్పు. వాటర్‌ఫాల్ ట్రయల్ 2022లో వచ్చింది, నాలుగు దేశాల్లో చేశారు, అందులో మన దేశమూ ఉంది. ఎక్కువ ద్రవాలిచ్చిన వాళ్లలో 20.5 శాతానికి, మితంగా ఇచ్చిన వాళ్లలో 6.3 శాతానికి ద్రవభారం ఏర్పడింది, జబ్బు తీవ్రత మాత్రం తగ్గలేదు. ట్రయల్‌ని మధ్యలోనే ఆపేశారు. కాబట్టి రింగర్ లాక్టేట్, నీరు తగ్గిన లక్షణాలుంటే కిలోకి 10 మిల్లీలీటర్లు రెండు గంటల్లో, ఆపైన గంటకి కిలోకి 1.5. మీ పేషెంటుకి అది 600 మిల్లీలీటర్లు, తర్వాత గంటకి 90. యూరియా దిగకపోయినా ఊపిరితిత్తుల్లో క్రెపిటేషన్లు (చిటపట శబ్దాలు) వినబడితే వేగం పెంచకండి, అక్కడ సమస్య నీరు చాలకపోవడం కాకపోవచ్చు.

గణాంకం

మామూలు పరీక్షలతో మెషీన్ లెర్నింగ్ మోడల్ కడదామని చాలామంది పీజీలు థీసిస్ పెట్టుకుంటున్నారు, వాళ్ల కోసం రాస్తున్నాను.

మొదటి తప్పు వేళల్లో జరుగుతుంది. 48 గంటల్లో వచ్చిన గరిష్ఠ క్రియాటినిన్‌ని మోడల్‌కి ఇచ్చి, 48 గంటలు దాటిన అవయవ వైఫల్యాన్ని ఊహించమంటారు. కిడ్నీ వైఫల్యాన్ని తేల్చేదే క్రియాటినిన్ కదా, అవయవ వైఫల్యాన్ని కొలిచే సవరించిన మార్షల్ స్కోరులో అది 1.9 చేరితే వైఫల్యం కిందే లెక్క. అలా కట్టిన మోడల్ జవాబు చూసి జవాబు చెప్తోంది. మొదటి ఆరు గంటల అంకెలు మాత్రమే ఇవ్వండి, అప్పటికే వైఫల్యంలో ఉన్నవాళ్లని విడిగా పెట్టండి.

రెండోది ఖాళీ గళ్లు. సీఆర్‌పీ, ఎల్‌డీహెచ్, ఏబీజీ బాగా జబ్బుగా కనబడినవాళ్లకే చేస్తారు. ఖాళీల్లో సగటు నింపితే ఆ సమాచారం చెరిగిపోతుంది, ఖాళీగా ఉండటాన్నే వేరియబుల్‌గా పెడితే మోడల్ పేషెంటుని కాక డాక్టరు అనుమానాన్ని నేర్చుకుంటుంది. అందుకే అందరికీ తప్పకుండా చేసే సీబీపీ, యూరియా, క్రియాటినిన్‌తోనే మొదలుపెట్టడం మంచిది. 300 మందిలో 15 శాతం తీవ్రం అనుకుంటే 45 మంది. పది మందికి ఒక వేరియబుల్ అన్న పాత లెక్క పట్టుకున్నా నాలుగుకి మించి పెట్టకూడదు, 40 వేరియబుల్స్ వేస్తే మీ ఆసుపత్రి దాటి ఎక్కడా పనిచేయదు. న్యూట్రోఫిల్, లింఫోసైట్ అనే రెండు రకాల తెల్లకణాల నిష్పత్తి లెక్కించడానికి ఖర్చు లేదు, పెట్టండి. కానీ కటాఫ్ ఒక్కో పేపర్లో ఒక్కోలా ఉంటుంది, పైగా డెక్సా పడితే అది అబద్ధం చెప్తుంది.

మూడోది, ఏ మోడల్ అయినా ఇంత మటుకే అన్న హద్దు. నూరుమందిలో 20 మందికి తీవ్రం అవుతుందనుకోండి. పరీక్ష ఆ 20 మందిలో 70 శాతాన్ని పట్టుకుంటుంది, మిగతా 80 మందిలో 80 శాతాన్ని సరిగ్గా వదిలేస్తుంది అనుకుందాం. అది తీవ్రం అని చెప్పేది 30 మందిని, అందులో నిజంగా తీవ్రం అయ్యేది 14 మందే. తీవ్రం కాదని చెప్పే 70 మందిలో తప్పేది ఆరుగురికి. అంటే ఈ పరీక్షలు ఫలానావాళ్లకి ముదరదని చెప్పడంలో నయం, ముదురుతుందని చెప్పడంలో సగం మాటే నిజం.

ఉదరవైద్యం

చివరి మాట మీదే ఇంకొకటి కలుపుతాను. ఎవరిని నిశ్చింతగా ఉంచుకోవచ్చో చెప్పడానికే హాప్స్ అనే చిన్న స్కోరు ఉంది. పొట్ట గట్టిపడటం గానీ, నొక్కి వదిలితే నొప్పి గానీ లేకపోవడం. పీసీవీ మగవాళ్లలో 43, ఆడవాళ్లలో 39.6 దాటకపోవడం, క్రియాటినిన్ 2 దాటకపోవడం. మూడూ ఉంటే జబ్బు స్వల్పంగానే పోయే అవకాశం చాలా ఎక్కువ. అరగంటలో తేలిపోతుంది. పైన చెప్పిన రక్తహీనత, ముందే ఎక్కిన సెలైన్ ఇక్కడా మోసం చేస్తాయి కాబట్టి 12 గంటల శాంపిల్ మాత్రం మానకండి. ఏఎల్‌టీ (కాలేయ ఎంజైమ్) 150 దాటి ఉంటే పిత్తాశయ రాళ్లే కారణం కావచ్చు, అల్ట్రాసౌండ్ చేయించండి. బిలిరుబిన్ పెరుగుతూ జ్వరం, చలి ఉంటే అది కొలాంజైటిస్ (పిత్తనాళాల ఇన్‌ఫెక్షన్), ఈఆర్‌సీపీ (ఎండోస్కోపీతో పిత్తనాళం అడ్డు తీసే ప్రక్రియ) ఉన్న చోటికి వెంటనే పంపాలి, ఏ స్కోరుకీ ఆగొద్దు.

నైట్‌డ్యూటీ గారూ, పంపేటప్పుడు రిఫరల్ చీటీలో "పాంక్రియాటైటిస్, ఉన్నత వైద్యానికి" అని ఒక్క లైను రాయకండి. నొప్పి మొదలైన గంట, ప్రతి పీసీవీ, యూరియా, క్రియాటినిన్ ఏ గంటకి ఎంత ఉందో, ఇప్పటిదాకా ఎక్కిన ద్రవం ఎన్ని లీటర్లు, వచ్చిన మూత్రం ఎంత, ముందు బయట ఏ ఇంజెక్షన్లు పడ్డాయి, ఇవన్నీ రాయండి. ఆక్సిజన్ పెట్టి ఉంటే ఎన్ని లీటర్లో కూడా. నిమిషానికి 2 లీటర్లంటే 25 శాతం, 4 లీటర్లంటే 30 శాతం ఆక్సిజన్ అని లెక్క, అక్కడ ఏబీజీ రాగానే వాళ్లు మార్షల్ స్కోరు వేయడానికి అది కావాలి. మీ 12 గంటల యూరియా చీటీలో లేకపోతే అక్కడ చేసిన పరీక్షే మొదటిది అవుతుంది, పెరుగుతోందని తెలియడానికి వాళ్లకి ఇంకో 12 గంటలు పడుతుంది.